మీ ప్రశ్నలు – మా జవాబులు: పట్కా మీద చెయ్యి వేస్తే

ప్రశ్న: మా బాబు నాలుగో తరగతి. స్కూలు వ్యానులో, ఇంటర్వెల్‌లో తోటి పిల్లలు పట్కా (సిక్కు పిల్లలు జుట్టు మీద కట్టుకునే గుడ్డ) లాగేస్తున్నారు. టీచర్‌కి చెబితే ‘పిల్లల ఆటే కదా సర్దార్జీ’ అన్నారు. పోలీసుల దగ్గరికి వెళ్లమంటారా? – ఒక తండ్రి, అత్తాపూర్

జవాబు: ఇప్పుడే వద్దండీ. లాగినవాళ్లూ తొమ్మిదేళ్ల పిల్లలే. స్టేషన్‌లో రాజీ చేసి పంపేస్తారు, స్కూలుతో మీకు మాట చెడుతుంది. బాబుకి గాయమైనా, ఎవరైనా వాడి జుట్టు కత్తిరించినా సంగతి వేరు. అప్పుడు డాక్టరు సర్టిఫికెట్ తీసుకుని నేరుగా ఫిర్యాదు ఇవ్వండి.

మీ కేసులో ముందు కావలసింది కాగితం. టీచర్‌కి నోటితో చెప్పిందీ, వాట్సాప్ గ్రూపులో పెట్టిందీ రేపు ఎవరూ ఒప్పుకోరు. జరిగిన రోజే ప్రిన్సిపాల్ పేరిట ఒక పేజీ రాసి ఇచ్చి, మీ దగ్గరుంచుకునే కాపీ మీద తేదీతో స్టాంపు వేయించుకోండి. ఎన్నో పీరియడ్, ఎక్కడ, ఎవరు, చూసినవాళ్లెవరు, ఏ మాట అన్నారు – అన్నదన్నట్టే రాయండి. ‘మా వాణ్ని ఏడిపిస్తున్నారు’ అని రాస్తే రికార్డులో తోపులాట అని పడుతుంది. ‘తల మీది పట్కా లాగారు, జూడా (నడినెత్తి మీది జుట్టు ముడి) ఊడిపోయింది’ అని రాయండి. కేశాలు, వాటిని కప్పే గుడ్డ సిక్కు ఆచారంలో భాగమని ఒక్క వాక్యం చేర్చండి. టోపీ లాక్కోవడానికీ దీనికీ తేడా తెలియని టీచర్లు చాలామందే ఉన్నారు.

వ్యానులో బాబు ఆయా పక్కన కూర్చోవాలని, ఏం జరిగినా వెళ్లి చెప్పుకోవడానికి ఒక టీచర్ పేరు చెప్పాలని, ఫలానా తేదీలోగా రాతపూర్వకంగా జవాబివ్వాలని అడగండి. ‘మీ వాణ్ని వేరే సెక్షన్‌లో వేస్తాం’ అంటారు, ఒప్పుకోకండి. దెబ్బ తిన్నవాణ్ని కదిలిస్తే లాగినవాళ్లకి అదొక గెలుపు. ప్రేయర్‌లో అందరి ముందు క్షమాపణ చెప్పించడమూ వద్దు, మధ్యాహ్నానికల్లా మళ్లీ అందరి కళ్లూ మీవాడి తల మీదే ఉంటాయి. జవాబు రాకపోతే స్టాంపు పడిన కాపీ జత చేసి డీఈఓకి, రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కి, మైనారిటీ కమిషన్‌కి పంపండి. చైల్డ్ హెల్ప్‌లైన్ నంబరు 1098.

బ్యాగులో ఇంకో పట్కా, కంఘా (చిన్న దువ్వెన), రెండు పిన్నులు ఉంచండి. పట్కా ఊడితే తలుపు వేసుకోగలిగిన గదిలో అద్దం ముందు బాబుకి పది నిమిషాలు ఇవ్వాలని టీచర్‌కి ముందే చెప్పండి. తోటి పిల్లలు చుట్టూ మూగకూడదు, సాయం పేరుతో జుట్టు మీద చెయ్యి వేయకూడదు. ఈ వయసులో చాలామందికి జూడా సొంతంగా చుట్టుకోవడం రాదు. సెలవు రోజుల్లో ఇంట్లో అలవాటు చేయండి. జూడా వెనక్కి వాలితే పట్కా తాళ్లు వదులవుతాయి, కొంచెం లాగినా మొత్తం చేతికొస్తుంది.

ప్రశ్న: ఇక్కడ మా అమ్మాయి క్లాసులో సిక్కు అబ్బాయిని ‘టెర్రరిస్ట్’ అంటున్నారు. ‘మేం ముస్లింలం కాదని చెప్పు’ అని వాళ్లింట్లో నేర్పారట. మేం ఏమైనా చేయగలమా? – ఒక తల్లి, డల్లాస్

జవాబు: ఆ మాట నేర్పకపోవడమే మంచిదండీ. ముస్లిం పిల్లవాడైతే అనొచ్చన్న అర్థం అందులో దాగి ఉంది. 9/11 దాడులు జరిగిన నాలుగు రోజులకే, 2001 సెప్టెంబరు 15న అరిజోనాలోని మెసాలో బల్బీర్ సింగ్ సోధీ అనే సిక్కుని తలపాగా చూసి ముస్లిం అనుకుని తన పెట్రోలు బంకు ముందే కాల్చి చంపారు. ‘పొరబడి చంపారు’ అన్న మాట అప్పట్లో పత్రికల్లో బాగా నడిచింది. సిక్కు సంస్థలు ఆ మాటని వద్దంటూ వచ్చాయి, సరైన మనిషంటూ ఒకడుంటాడా అని. పిల్లవాడికి ‘నేను సిక్కుని, నన్ను అలా పిలవొద్దు’ అన్నది చాలు.

ఫిర్యాదులో ఒక మెలిక ఉంది. అమెరికా 1964 పౌరహక్కుల చట్టంలోని ఆరో భాగం (టైటిల్ సిక్స్) ఫెడరల్ డబ్బు అందే స్కూళ్లకి వర్తిస్తుంది. అందులో జాతి, రంగు, జాతీయ మూలం ఉన్నాయి, మతం లేదు. ‘మతం పేరుతో వేధిస్తున్నారు’ అని మాత్రమే రాస్తే ‘మా పరిధి కాదు’ అనే వీలుంటుంది. ఉమ్మడి వంశమూలం, జాతి లక్షణాల ఆధారంగా వేధింపు అని కూడా రాయాలి. ముందు ప్రిన్సిపాల్‌కి, డిస్ట్రిక్ట్ ఆఫీసుకి ఈమెయిల్. విద్యాశాఖ పౌరహక్కుల విభాగానికి వెళ్లాలంటే, ఘటన జరిగిన 180 రోజుల్లోగా వెళ్లాలి. అమెరికాలోని సిక్కు హక్కుల సంస్థ సిక్కు కొయలిషన్ ఉచితంగా న్యాయసాయం చేస్తుంది.

మీ అమ్మాయి గొడవలోకి దిగక్కర్లేదు. విన్న మాట, తేదీ మీ పేరుతోనే ఈమెయిల్ చేయండి. సాక్షి తల్లిదండ్రుల నుంచి వచ్చిన ఉత్తరాన్ని స్కూలు పక్కన పెట్టలేదు. రేపు మన పిల్లల్ని యాసకో రంగుకో వెక్కిరిస్తే పనికొచ్చేదీ ఇదే చట్టం.

ప్రశ్న: టీవీ చర్చల్లో తలపాగా కనబడితే చాలు ఖలిస్థాన్ (సిక్కులకు వేరే దేశం కావాలన్న వాదం) అంటున్నారు. కామెడీ షోల్లో సర్దార్జీ జోకులు సరేసరి. ఎవరికి ఫిర్యాదు చేయాలి? – ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: జోకుల సంగతి కోర్టులో తేలేది కాదు. మార్గదర్శకాలు ఇవ్వలేమని సుప్రీంకోర్టు 2017లోనే చెప్పేసింది. వార్తల మీద మాత్రం దారి ఉంది. రైతు ఉద్యమాన్ని ఖలిస్థాన్‌తో ముడిపెట్టిన ఒక హిందీ ఛానల్ వీడియోలను తొలగించమని 2021 నవంబరులో ఎన్‌బీడీఎస్‌ఏ (వార్తా ఛానళ్లు తమ మీద ఫిర్యాదులు వినడానికి పెట్టుకున్న సంస్థ) ఆదేశించింది.

ప్రసారమైన 7 రోజుల్లోగా ముందు ఛానల్‌కే రాయాలి. నేరుగా పైకి రాస్తే వెనక్కి పంపిస్తారు. ఛానల్ జవాబు నచ్చకపోతే 14 రోజుల్లోగా ఎన్‌బీడీఎస్‌ఏకి వెళ్లాలి. క్లిప్పు ముందే దాచుకోండి, యూట్యూబ్‌లోంచి మర్నాడే మాయం కావచ్చు. తేదీ, సమయం, యాంకర్ అన్న వాక్యం, కింద నడిచిన స్క్రోల్ రాయండి. ‘సిక్కుల మనసు నొప్పించారు’ అన్నది బలమైన వాదన కాదు. ‘ఆధారం చూపకుండా ఫలానా వ్యక్తిని ఉగ్రవాది అన్నారు’ అన్నదే నిలుస్తుంది. ఛానల్ ఎన్‌బీడీఎస్‌ఏ పరిధిలోకి వస్తుందో లేదో ముందు చూసుకోండి.

దినపత్రికైతే ఎడిటర్‌కి రాశాక, ప్రచురించిన రెండు నెలల్లోగా ప్రెస్ కౌన్సిల్‌కి పంపాలి. తెలుగు క్లిప్పింగుకి ఇంగ్లీషు అనువాదం జత చేయడం మరవకండి.

ప్రశ్న: గురుద్వారా దగ్గర గొడవని వాట్సాప్‌లో ఏదైనా వస్తే కమిటీ ముందుగా ఏం చేయాలి? – కిషన్‌బాగ్

జవాబు: 2014 మే 14న మీ సిక్ ఛావనీలోనే నిషాన్ సాహిబ్ (సిక్కుల పవిత్ర జెండా) తగలబడ్డాక సిక్కులకీ ముస్లింలకీ మధ్య ఘర్షణలు రేగాయి, కాల్పుల్లో ముగ్గురు పోయారు. అలాంటి వేళ వీడియో ఫార్వర్డ్ చేయకుండా ఇద్దరు పెద్దలు స్వయంగా వెళ్లి చూడాలి. పక్క మసీదు కమిటీ వాళ్ల ఫోన్ నంబర్లు ప్రశాంతంగా ఉన్నప్పుడే తీసి ఉంచుకోవాలి. ఇరు కమిటీలూ కలిసి ఒకే ప్రకటన ఇస్తే పుకారు నిలవదు. సీసీ కెమెరా రికార్డరు డిస్కు నిండగానే పాత దాని మీదే రాసుకుంటూ పోతుంది కాబట్టి, ఆ గంటల ఫుటేజీని అదే రోజు పెన్‌డ్రైవ్‌లోకి తీసి ఒక కాపీ పోలీసులకిచ్చి రసీదు తీసుకోండి, రెండోది మీ దగ్గరుంచుకోండి.