పొట్టి వీణ చేస్తానన్న అల్లుడికి

ఒరే అల్లుడూ,

వాయించుకునే పొట్టి వీణ చేస్తానంటున్నావని మీ అమ్మ చెప్పింది. గర్వంగానే ఉంది గానీ, ఒక దిగులు. బొబ్బిలి అంటే జనానికి సన్మానాల్లో ఇచ్చే బుల్లి వీణలే గుర్తు. నీదాన్ని కూడా "షోకేసులోకి బాగుంది" అంటారు. ఆ మాట నాలుగుసార్లు వింటే ఉలి మూల పడేస్తావేమోనని నా భయం.

బాగా ఆరిన పనసే తీసుకో. ఏకాండి, అంటే ఒకే దుంగలో చెక్కింది, కావాలని పట్టుపట్టకు, మొదటిదానికి అతుకు వీణ చాలు.

అందరూ తప్పేది తీగెల దగ్గర. తీగెలు ఆనే రెండు కొసలు, మేరువు నుంచి గుర్రం దాకా 80 సెంటీమీటర్లున్నదాన్ని 60కి కుదించి, అవే తీగెలు వేసి, అదే శ్రుతి పెడతారు. బిగువు 56 శాతానికి పడిపోతుంది. తీగె జీరపోతుంది, గమకానికి లాగితే స్వరం ఎటో పోతుంది. చిన్న వీణకి నాదం ఉండదని తేల్చేసి అటకెక్కిస్తారు. పాపం, వీణ ఏటి చేసింది? అవే తీగెలుంచితే శ్రుతి పెంచు: పెద్దవీణ శుద్ధ మధ్యమం దీనికి షడ్జం. శ్రుతి మారకూడదంటే తీగె మందం పెంచు, 0.30 మిల్లీమీటర్లున్నచోట 0.40. మెట్లకీ అన్ని సందుల్లో ఒకే కొలత తగ్గించకు, నిష్పత్తిలో తగ్గించు. మేరువు నుంచి మొదటి మెట్టు సుమారు 3.4 సెంటీమీటర్లు, పన్నెండోది 30, ఇరవైనాలుగోది 45. ఆ కొలతలు గీతలు గీసుకోడానికే. నొక్కితే స్వరం కాస్త పైకి పోతుంది కనుక మేళం కట్టేటప్పుడు, అంటే మైనంలో మెట్లు నిలబెట్టేటప్పుడు, చెవితో సర్దుకోవాలి.

ప్రయాణాలకి అంటున్నావు కదా, మే నెలలో బస్సు డిక్కీలో మైనం మెత్తబడి మెట్లు జారతాయి. మైనంలో గుగ్గిలం వంతు పెంచు. మరీ పెంచితే పెళుసై రాలుతుంది. ముందు చెక్కముక్క మీద పోసి ఎండలో పెట్టి చూడు.

తయారవగానే బేగి షాపుకి అట్టుకెళ్లకు. విజయనగరం సంగీత కళాశాలకి పో. 1919 నాటిది. పరదేశపు వయొలిన్‌ని ద్వారం వెంకటస్వామినాయుడుగారు నేర్పింది అక్కడే. పిల్లలకి నేర్పే టీచరు దగ్గర నెలరోజులు వీణ ఉంచు. పదేళ్ల పిల్ల చెయ్యి ఎక్కడిదాకా అందుతోంది, ఏ తీగె జీరపోతోంది, రాసుకో. "మరీ చిన్నది" అంటే వదిలెయ్. "మంద్రం మోగట్లేదు" అంటే మాత్రం ఇంటికొచ్చి నాదం పలికే కుండ లోతు, పైపలక మందం, గుర్రం మూడూ చూడు. ఒకసారికి ఒకటే మార్చు, లేకపోతే దేనివల్ల బాగుపడిందో తెలీదు.

తిండి మానేసి చెక్కకురా, మీ అమ్మ నన్ను తిడుతుంది. ఆరిన పనస దొరక్కపోతే వీణలు చేసే గొల్లపల్లిలో అడుగు. తొందరపడి పచ్చికర్ర కొన్నావో, చెవి మెలేస్తాను.

మీ మావయ్య