అదే రొమ్ములో మళ్లీ గడ్డ: మా చెల్లి కూతురికి ఉత్తరం

అమ్మడూ,

క్యాన్సర్ మళ్లీ వచ్చిందని, "వారంలో రొమ్ము తీయించేసుకుంటా పెద్దమ్మా" అన్నావు ఫోన్లో. అంత తొందరొద్దు. ఉద్యోగమంతా క్యాన్సర్ వార్డులో నర్సుగా చేసినదాన్ని కాబట్టి చెప్తున్నా, ముందు మళ్లీ బయాప్సీ (గడ్డలోంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) చేయించు. పాత రిపోర్టు ఉందిగా అనుకోకు. ఈఆర్, పీఆర్ (గడ్డకి హార్మోన్లు పట్టే గుర్తులు), హెర్2 (గడ్డని పెంచే ఒక ప్రొటీన్) తిరగబెట్టినప్పుడు మారిపోవచ్చు, మందులన్నీ వాటినిబట్టే. ఒంట్లో ఇంకెక్కడికైనా పాకిందేమో స్కాన్‌లో తేలాలి. పాకి ఉంటే లెక్కే వేరు, ముందు మందులే మొదలుపెట్టొచ్చు. అప్పటి రేడియేషన్ కాగితాలు కూడా వెతుకు, ఎన్ని గ్రేలు (రేడియేషన్ కొలత) ఇచ్చారో అందులో ఉంటుంది.

నీకు అప్పుడు గడ్డ వరకే తీసి రేడియేషన్ ఇచ్చారు. అలాంటప్పుడు ఇప్పుడు రొమ్ము మొత్తం తీయడమే మామూలు పద్ధతి. మళ్లీ గడ్డే తీసి, ఆ చోటికే రెండోసారి రేడియేషన్ ఇవ్వడం అమెరికాలో ఆర్టీఓజీ 1014 అనే ట్రయల్‌లో, అంటే రోగుల మీద చేసిన పరిశోధనలో, చేసి చూశారు. 3 సెంటీమీటర్ల లోపు గడ్డలుండి, మొదటి రేడియేషన్ అయి ఏడాది దాటినవాళ్లనే తీసుకున్నారు. ఐదేళ్లలో నూటికి అయిదుగురికే మళ్లీ అక్కడ వచ్చింది. బాగానే ఉంది, కానీ చూసింది అరవైమంది లోపే. డాక్టర్ని అడుగు, మొహమాటపడకు. కానీ అలాంటి రేడియేషన్ ఇచ్చి అలవాటున్న చోటయితేనే ఒప్పుకో.

కొత్త రొమ్ము కట్టించుకుంటావా అన్నది ఆపరేషన్‌కి ముందే తేల్చుకోవాలి. రేడియేషన్ తిన్న చర్మం మెల్లగా మానుతుంది. లోపల సిలికాన్ ఇంప్లాంట్ ఒక్కటే పెడితే ఇబ్బందులు ఎక్కువ, అందుకే వీపు కండో పొట్ట మాంసమో తెచ్చి వేయడానికి చూస్తారు. షుగరుంటే ముందే అదుపులోకి తెచ్చుకో.

ఈఆర్ లేని గడ్డయితే ఆపరేషన్ తర్వాత కీమోతో మేలుందని కాలర్ అనే ఇంకో ట్రయల్‌లో తేలింది. ఈఆర్ ఉన్నవాళ్లకి అంత తేడా కనబడలేదు. కాబట్టి "కీమో ఎందుకు" అని నువ్వే అడగాలి.

ఆపరేషన్ చేసిన చోట ఊరే నీరు గొట్టంలోంచి వచ్చి పడే డ్రెయిన్ డబ్బాతో ఇంటికి పంపుతారు. మొదట ఎర్రగా వస్తుంది, తర్వాత పలచబడి పసుపుపచ్చ నీరులా అవుతుంది. రోజూ ఒకే వేళకి కొలిచి రాసుకో. రోజుకి 30 ఎం.ఎల్. లోపుకి దిగితే చాలాచోట్ల తీసేస్తారు. కుట్ల అంచు నల్లబడినా, జ్వరం తగిలినా తెల్లారేదాకా ఆగకు.

ముందువైపు జిప్పున్న నైటీలు కొనుక్కో, కొన్నాళ్లు చెయ్యి పైకి లేవదు. మీ అమ్మకి నేను చెప్తాలే.

పెద్దమ్మ