గైడ్లు చాలు, తెల్లకాగితం తీయండి

ప్రశ్న: మాది పి.గన్నవరం దగ్గర లంక గ్రామం. డీఎడ్ అయ్యాక ప్రైవేటు స్కూల్లో రెండో తరగతికి చెబుతున్నాను. కిందటి టెట్‌ (ఉపాధ్యాయ అర్హత పరీక్ష)లో సైకాలజీలో 30కి 16 వచ్చాయి. మూడు గైడ్లు కొన్నాను, ఫోన్లో పీడీఎఫ్‌లకు లెక్క లేదు. చదువుతున్నప్పుడు అంతా వచ్చినట్టే ఉంటుంది, వారం తిరిగేసరికి ఏమీ గుర్తుండదు. నాన్న అవనిగడ్డ కోచింగ్‌కి పంపుతానంటున్నారు. వెళ్లమంటారా? రివిజన్‌కి ఇంకేం కొనమంటారు?

జవాబు: అమ్మా, ముందు నాన్నగారి మాట. సైకాలజీ ఒక్కదాని కోసమైతే అవనిగడ్డ అక్కర్లేదు. లెక్కలూ ఇంగ్లీషూ కూడా బాగా వెనకబడి ఉంటే అప్పుడు ఆలోచించండి. పదహారు మార్కులు తెచ్చుకున్న పిల్లలతో కూర్చుని వాళ్ల తప్పులు విడదీసి చూస్తే నాకు ఎప్పుడూ ఒకటే కనిపించింది. అసలు తెలియక పోయిన మార్కులు తక్కువ. తెలిసినవి రెండూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి పోయినవే ఎక్కువ. దానికి ఇంకో గైడు కొంటే కలగాపులగం పెరుగుతుందే గానీ తగ్గదు.

కాబట్టి కొత్తగా ఏమీ కొనకండి. ఉన్న మూడింట్లో మీకు తేలిగ్గా అర్థమయ్యేది ఒకటి ఉంచుకుని మిగతా రెండూ అటక మీద పెట్టేయండి. ఇది గట్టిగా చెప్పడానికి కారణముంది. మన తెలుగు సైకాలజీ పుస్తకాల్లో ఒకే భావానికి ఒక్కో రచయిత ఒక్కో మాట వాడతారు. పావ్‌లోవ్ కుక్క మీద చేసిన ప్రయోగం ఒకచోట శాస్త్రీయ నిబంధనం, ఇంకోచోట సంప్రదాయ నిబంధనం. ప్రతిఫలం దొరికితే ప్రవర్తన పెరుగుతుందన్న స్కిన్నర్ సిద్ధాంతం ఒకరికి కార్యసాధకం, మరొకరికి కార్యకం. మూడు పుస్తకాలు తిరగేసే పిల్లకు అవి ఆరు సిద్ధాంతాల్లా కనిపిస్తాయి. ప్రశ్నపత్రంలో తెలుగుతో పాటు ఇంగ్లీషూ ఉంటుంది కాబట్టి ఇంగ్లీషు మాటే మీకు ఆధారం. ఒక వంద పేజీల నోటుబుక్కు తీసి మూడు గడులు గీయండి. మొదటి గడిలో ఇంగ్లీషు మాట, రెండో దాంట్లో మీ పుస్తకంలోని తెలుగు మాట, మూడోది మీ సొంత ఉదాహరణ. ఆ మూడో గడిలో గైడులోని ఉదాహరణ దించేయకండి. మీ ఊళ్లోంచి, మీ తరగతిలోంచి రావాలి.

ఎలాగంటే, పాత విషయం కొత్తదానికి అడ్డుపడితే పురోగమన అవరోధం, కొత్తది పాతదానికి అడ్డుపడితే తిరోగమన అవరోధం. ఈ రెండూ తారుమారు చేయనివాళ్లు అరుదు. 2022 ఏప్రిల్‌లో కోనసీమ వేరే జిల్లా అయింది కదా. ఆ తర్వాత కూడా అప్లికేషన్లో జిల్లా అన్నచోట చెయ్యి దానంతట అదే ‘తూర్పు గోదావరి’ అని రాసేసేది. పాతది కొత్తదాన్ని రానివ్వడం లేదు, అంటే పురోగమనం. కొత్త ఫోన్ నంబరు బాగా నోటికి పట్టాక పాత నంబరు అడిగితే తడుముకుంటాం చూశారా, అది తిరోగమనం. ఒకసారి ఇలా రాసుకున్నాక మళ్లీ తారుమారు కావు.

ప్రతికూల పునర్బలనం కూడా అలాంటిదే. పేరు చూసి దాన్ని శిక్ష అనుకుంటారు. “పద్యం అప్పజెప్పినవాళ్లకు ఈ రోజు హోంవర్కు లేదు” అన్నారనుకోండి, పిల్లలకు ఇష్టంలేనిదాన్ని తీసేసి, కావలసిన ప్రవర్తనను పెంచారు. అది ప్రతికూల పునర్బలనం. “అప్పజెప్పనివాళ్లకు ఆటల పీరియడ్ లేదు” అంటే శిక్ష. ప్రవర్తన పెరగడానికా తగ్గడానికా అన్నదొక్కటే చూడండి.

ఇక వారానికి మర్చిపోవడం. దీనికి జవాబు మీ పుస్తకంలోనే స్మృతి, విస్మృతి పాఠంలో ఉంది. ఎబ్బింగ్‌హాస్ అనే మనోవిజ్ఞాని అర్థంలేని అక్షరాల జాబితాలు తన మీదే ప్రయోగించుకుని 1885లో ఫలితాలు ప్రచురించాడు. గంట గడిచేసరికి అతనికి మిగిలింది 44 శాతం, రోజుకు 34, నెలకు 21. నష్టంలో ఎక్కువ భాగం మొదటి రోజునే, తర్వాత నిదానం. అర్థం తెలిసి చదివింది ఇంతకంటే నిలుస్తుంది గానీ, జారిపోయే తీరు అదే. ఆదివారం చదివిన పాఠాన్ని మళ్లీ ఆదివారం దాకా ముట్టకపోతే ఏమవుతుందో మీరే చూశారు.

రెండో సంగతి 2006లో రోడిగర్, కార్పికి అనే మనోవిజ్ఞానులు చేసిన ప్రయోగం. కొందరు ఒక భాగాన్ని రెండుసార్లు చదివారు. కొందరు ఒకసారి చదివి, పుస్తకం లేకుండా గుర్తున్నది రాశారు. అయిదు నిమిషాల తర్వాత అడిగితే రెండుసార్లు చదివినవాళ్లదే పైచేయి, 81 శాతానికి 75. వారం తర్వాత అడిగితే చదివినవాళ్లకు 42, రాసినవాళ్లకు 56. “చదువుతున్నప్పుడు అంతా వచ్చినట్టే ఉంటుంది” అన్నారే, ఆ నమ్మకం ఆ అయిదు నిమిషాలది. నాకు మీ ఉత్తరంలో అన్నిటికన్నా ముఖ్యమైన వాక్యం అదే అనిపించింది.

అందుకని పాఠం చదివాక పుస్తకం మూసి తెల్లకాగితం మీద గుర్తున్నంతా రాయండి. తర్వాత పుస్తకం తెరిచి, వదిలేసినవి ఎర్ర పెన్నుతో చేర్చండి. మర్నాడు, నాలుగో రోజున, పదో రోజున మళ్లీ ఇలాగే, ప్రతిసారీ కొత్త కాగితం. మొదటి రెండు వారాలు మనసుకి చాలా కష్టంగా ఉంటుంది, కాగితం సగం ఖాళీగా కనిపిస్తుంది. చేతకావడం లేదని ఆపేయకండి. ఆ తడుముకోవడంలోనే విషయం గట్టిపడుతోంది.

మీకు ఇంకో వరం ఉంది, మీరు గమనించినట్టు లేరు. రోజూ మీ ముందు కూర్చునే పిల్లలు ఏడేళ్లవాళ్లు. కంటికి కనిపించినదాన్నే నమ్మే పూర్వప్రచాలక దశ ముగిసి, ఎదురుగా ఉన్న వస్తువుల గురించి తర్కించగలిగే మూర్త ప్రచాలక దశ మొదలవుతుందని పియాజే అనే మనోవిజ్ఞాని చెప్పిన వయసు సరిగ్గా అదే. ఆరేసి చింతపిక్కలు రెండు వరసలు పేర్చి, ఒక వరసను కొంచెం ఎడంగా జరిపి, ఎందులో ఎక్కువున్నాయని అడగండి. ఇంటిపక్క నాలుగేళ్ల పిల్లనూ అడగండి. చిన్నపిల్ల పొడుగు వరసను చూపిస్తుంది, మీ తరగతి పిల్లల్లో చాలామంది “రెండూ ఒకటే కదండీ టీచర్” అంటారు. తప్పు చెప్పినవాళ్లను సరిదిద్దకండి, ఎందుకలా అన్నారో అడిగి ఆ మాట మూడో గడిలో రాసుకోండి. కోచింగ్‌లో ఇది దొరకదు.

ఉచితంగా దొరికేవి చెప్తాను. పాత టెట్ ప్రశ్నపత్రాలు కీతో సహా అన్నిటికంటే విలువైనవి. మీ డీఎడ్ పాఠ్యపుస్తకాలు గైడుకన్నా నమ్మకమైనవి. ఇంగ్లీషు చదవగలిగితే ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి సైకాలజీ పుస్తకం వాళ్ల సైట్లోనే ఉంది. అభ్యసనం, స్మృతి పాఠాలు రెండు చాలు. ఫోన్లోని పీడీఎఫ్‌లు తీసేయండి.

టెట్‌లో తప్పుకు మార్కు కోయరు, కాబట్టి ఏ ప్రశ్నా వదలకండి. మొత్తం 150 ప్రశ్నలకు 150 నిమిషాలు. ముప్పై ప్రశ్నల్ని పాతిక నిమిషాల్లో ముగించడం ఇంటి దగ్గరే అలవాటు చేసుకోండి, మిగిలిన అయిదూ లెక్కలకు పనికొస్తాయి. పాసైతే చాలనుకోవద్దు, టెట్ మార్కులకు టీచర్ ఉద్యోగాల డీఎస్సీలో 20 శాతం వెయిటేజీ ఉంది.

లంకలో ఉంటారు గనుక ఒక మాట. వరద రోజుల్లో పరీక్ష పడితే రేవు దాటడం ముందురోజే పెట్టుకోండి, కాకినాడలోనో రాజమహేంద్రవరంలోనో ఆ రాత్రి తెలిసినవాళ్లింట్లో ఉండండి. ఆ మూడు గడుల నోటుబుక్కు ఒక్కటే ప్లాస్టిక్ కవర్లో చుట్టి తీసుకెళ్లండి, గైడు ఇంటి దగ్గరే ఉండనివ్వండి.