ఇద్దరు, ఇద్దరూ, ఉభయులు

సందేహం: మా దంపతులం జాయింటు ఖాతా తెరవడానికి వెళ్తే ఫారంలో 'ఐదర్ ఆర్ సర్వైవర్' అని ఉంది. కౌంటర్లో అబ్బాయి 'బోత్ ఇద్దరూ సంతకం పెట్టండి' అన్నాడు. బోత్, ఐదర్, నైదర్‌లకు తెలుగులో ఒక్కొక్క మాట ఉందా?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

సమాధానం: అమ్మా, 'బోత్ ఇద్దరూ' కూడా 'నడిసెంటరు' లాంటిదే, ఒకే అర్థాన్ని రెండు భాషల్లో రెండుసార్లు చెప్పడం. బోత్ చేసే పని 'ఇద్దరూ' చివరి దీర్ఘం ఎప్పుడో చేసేసింది. 'ఇద్దరు వచ్చారు' అంటే ఉత్త లెక్క. 'ఇద్దరూ వచ్చారు' అంటే మనం అనుకుంటున్న ఆ ఇద్దరిలో రానివాళ్ళు లేరని. 'ఇద్దరును' కాస్తా 'ఇద్దరూ' అయింది. ఇప్పుడు మెసేజీల్లో, ఫ్లెక్సీల మీద ఆ దీర్ఘాన్ని ఎగరగొట్టి 'మీరు ఇద్దరు తప్పక రావాలి' అని రాస్తున్నారు. చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. ఉన్న గుర్తును చెరుపుకుని బోత్‌ని అరువు తెచ్చుకోవడం ఎందుకు?

నైదర్‌కి 'ఇద్దరూ రాలేదు' చాలు. అయితే 'ఇద్దరూ రాలేదు, పెద్దాడొక్కడే వచ్చాడు' అని కూడా అంటాం కనుక, అనుమానం ఉన్నచోట 'ఇద్దరిలో ఒక్కరూ రాలేదు' అనండి. బ్యారేజీకి 'ఐదర్ సైడ్' అంటే ఇరువైపులా.

ఇక సంస్కృతం నుంచి వచ్చిన 'ఉభయ'. ఆ మాట వింటే నాకు తిక్కనే గుర్తొస్తాడు. ఆయన నెల్లూరివాడే గాని, తాత భాస్కరుణ్ణి 'గుంటూరి విభుడు' అని చెప్పుకున్నాడు కాబట్టి ఆయన మీద మీ ఊరికీ హక్కుంది. ఉభయకవిమిత్రుడు అన్న బిరుదుకు సంస్కృత కవులకూ తెలుగు కవులకూ మిత్రుడని సాధారణంగా అర్థం చెబుతారు. నాకైతే ఆ బిరుదుకు అసలైన వ్యాఖ్యానం ఆయన విరాటపర్వం మొదటి పద్యమే. 'శ్రీయన గౌరినాఁ బరగు చెల్వకు' అని ఎత్తుకున్నాడు. శ్రీ అన్నా గౌరి అన్నా ఆమే. పేర్లు రెండు, చెల్వ (అందగత్తె) ఒక్కతే. 'చెల్వలకు' అనలేదు చూడండి! ఆ చెల్వ మనసు చిగురించేలా స్వామి హరిహరరూపం దాల్చాడు. భక్తులు ఆయన్ని 'విష్ణురూపాయ నమశ్శివాయ' అంటారట. తెలుగు పద్యం నడుమ ఆ సంస్కృతం ఎక్కడా అతుకు కనబడకుండా ఒదిగింది. దేవుళ్ళిద్దరూ ఒకటయ్యారు, భాషలు రెండూ ఒకటయ్యాయి.

ఐదర్‌కి మాత్రం 'ఇద్దరిలో ఎవరో ఒకరు' అనే అర్థంలో వాడుకలో ఒక్క మాట లేదు. సంస్కృతంలో 'అన్యతర' ఉంది గాని, ఫారం మీద అచ్చువేస్తే ఎవరికీ తెలియదు. మాటల్లో 'మీరో మీవారో' అంటే సరిపోతుంది. ఫారానికి 'ఇద్దరిలో ఎవరైనా, ఒకరు లేనినాడు రెండోవారు' అనవచ్చునేమో. సర్వైవర్‌ని 'బతికున్నవారు' అని దంపతుల చేతికి ఇవ్వడానికి నాకు మనసొప్పలేదు. ఇంతకన్నా మేలైన మాట మీకు తడితే రాయండి.