కాటన్ దొర ఇంటిపేరులో పత్తి ఉందా?

సందేహం: మే 15న మా ఊళ్లో రైతులంతా కలిసి కాటన్ దొర విగ్రహానికి దండ వేస్తారు. ఈసారి నన్ను నాలుగు ముక్కలు మాట్లాడమన్నారు. ఇంగ్లిష్‌లో ఉన్న ఒక వ్యాసాన్ని మా మనవడు ఫోన్లో తెలుగు చేసి చూపిస్తే అందులో "సర్ ఆర్థర్ పత్తి" అని ఉంది. ఇంటిల్లిపాదీ నవ్వుకున్నాం. తర్వాత వాడే "తాతయ్యా, వాళ్ల తాతలు పత్తి వ్యాపారం చేసేవాళ్లా?" అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఆ పేరుకు అర్థం పత్తేనా? పేరు చివర వచ్చేదాన్ని మనం ఇంటిపేరు అనొచ్చా? కాటన్ అని రాయాలా, కాటను అని రాయాలా? – కోనసీమ నుంచి ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు

సమాధానం: పత్తి కాదండీ, పాకలు. మీ కోనసీమ మాటలోనే చెప్తున్నా, పూరిపాకలు. ఆ ఫోనుకు నిజంగా పేరును అనువదించాలనే సరదా ఉంటే "పాకల ఆర్థరు గారు" అని ఉండాల్సింది. మీ మనవడి ప్రశ్నని మాత్రం తీసిపారేయకండి, ఇంగ్లండులో పుట్టి పెరిగినవాళ్లు కూడా చాలామంది అలాగే అనుకుంటారు.

పాత ఇంగ్లిష్‌లో, అంటే వెయ్యేళ్ల కిందటి ఇంగ్లిష్‌లో, చిన్న గుడిసెను 'కొట్' అనేవాళ్లు. ఇప్పటి 'కాటేజ్' ఆ కుదురు నుంచి వచ్చిందే. గుర్రప్పందేల పేరు చెప్పగానే గుర్తొచ్చే ఆస్కాట్ ఊరి పేరుకు అర్థం తూర్పు పాక. ప్రెస్కాట్ అనే ఇంటిపేరు ఉంది, పూజారి పాక అని అర్థం. కాల్డికాట్ అని ఇంకొకటి ఉంది, చలి పాక, పాపం ఎవరు వణికారో. ఆ రోజుల్లో ఇంగ్లిష్‌కు మనకున్నట్టే విభక్తులు ఉండేవి. 'కొట్' అనే మాటకు బహువచనంలో, దగ్గర, లో అనే అర్థం వచ్చేట్టు చెప్పాలంటే 'కొటుమ్' అవుతుంది. "ఎక్కడుంటాడు?" అంటే "ఎట్ థేమ్ కొటుమ్", ఆ పాకల దగ్గర. జనం నోట్లో నాని నాని ముందున్న రెండు మాటలూ రాలిపోయాయి, మిగిలిన 'కొటుమ్' ఒకచోట కాటన్ అయింది, ఒకచోట కోటన్, ఇంకోచోట కాటమ్, యార్క్‌షైర్ వైపు కోటమ్. ఇవన్నీ ఇవాళ్టికీ ఇంగ్లండులో ఉన్న ఊళ్ల పేర్లే. ఆ ఊళ్ల నుంచి వచ్చినవాళ్లకు ఊరి పేరే ఇంటిపేరైంది.

ఇందులో నాకు ముచ్చటేసే సంగతి ఒకటుంది, మీరు తెలుగు చెప్పిన మాస్టారు కాబట్టి మీకూ నచ్చుతుంది. విభక్తి ప్రత్యయం పేరులో ఇరుక్కుపోయి, భాషలో ఆ విభక్తే పోయినా, పేరులో మాత్రం శిలాజంలా మిగిలిపోయింది. కాటన్ చివరి 'అన్' అదే, పాత 'ఉమ్' తాలూకు అవశేషం. మనకూ ఇదే కదా జరిగింది! ఏలూరు నుంచి వచ్చినవాళ్లు ఏలూరు వారు కాలేదు, ఏలూరి వారయ్యారు. గుంటూరు గుంటూరి అయింది. కొండవీడు కొండవీటి అయింది. బాలవ్యాకరణంలో ఔపవిభక్తికాలు అని, విభక్తికి ముందు మాట చివర వచ్చే ఇ, టి, తి వర్ణాలు చెప్తారే, ఆ ఇకారం, ఆ 'టి' మన ఇంటిపేర్ల చివర కూచుని ఉన్నాయి. అసలు 'ఇంటిపేరు' అనే మాటలోనే ఇల్లు కాస్తా ఇంటి అయింది చూడండి. మన అదృష్టం ఏమిటంటే మనకు ఆ విభక్తి ఇంకా బతికే ఉంది, "ఏలూరి బస్సు" అంటే చదువుకోనివాడికి కూడా అర్థమవుతుంది. ఇంగ్లిష్‌వాడికి ఆ విభక్తి ఎప్పుడో పోయింది, అందుకే వాడి ఇంటిపేరు వాడికే అర్థం కాక పత్తి అనుకుంటున్నాడు. న్యూసమ్ అనే ఇంటిపేరు కూడా ఇలాంటిదే, అందులో ఉన్నది "కొత్త ఇళ్ల దగ్గర" అని. మన కొత్తపల్లి వారి లాంటివాళ్లన్నమాట.

మరి పత్తి సంగతి? అది వేరే దారిన వచ్చిన మాట. అరబీలో పత్తిని 'ఖుత్న్' అంటారు. సరుకుతోపాటు మాట కూడా మధ్యధరా సముద్రం దాటి ఫ్రెంచిలో 'కోతోన్' అయి, అక్కడి నుంచి ఇంగ్లిష్‌లోకి దిగింది. ఒకటి పాత ఇంగ్లిష్ పాక, ఒకటి అరబీ పత్తి. రెండూ వేర్వేరు ఊళ్ల నుంచి బయల్దేరి ఒకే స్పెల్లింగు అనే స్టేషన్లో దిగాయి. మనం మళ్లీ ఆ రెంటినీ 'కాటన్' అనే రాస్తాం, కాటన్ చీర, కాటన్ దొర, కాబట్టి మీ ఫోను తడబడిందంటే వింతేమీ లేదు.

పత్తి కాదని అంత గట్టిగా ఎలా చెప్తారూ అంటారేమో. పాత కాగితాల్లో ఈ పేరు ముందు 'డి' ఉంటుందండీ, ఫలానా ఊరి నుంచి అనే అర్థంలో. 13వ శతాబ్దం చివర నార్విచ్ మఠంలో ఇంగ్లండు చరిత్ర రాసిన సన్యాసి ఒకాయన ఉన్నాడు, పేరు బార్తలోమ్యూ డి కాటన్. ఊరి నుంచి వచ్చాడంటే సరే, పత్తి నుంచి ఎవడొస్తాడు? పైగా ఆ చలిదేశంలో పత్తి పండదు. అప్పట్లో వాళ్ల బతుకంతా గొర్రెల బొచ్చు మీదే, ఉన్ని నేతలోనే. అందుకే నేతగాడికి వెబ్‌స్టర్ అనీ, ఉన్నిని తొక్కి చిక్కన చేసేవాడికి ఫుల్లర్, వాకర్ అనీ, రంగులద్దేవాడికి డయ్యర్ అనీ ఇంటిపేర్లు వచ్చాయి. పత్తి ఆ దేశంలో ఇంటింటి సరుకయ్యే నాటికి ఇంటిపేర్లన్నీ ఎప్పుడో స్థిరపడిపోయాయి, దాదాపు 1400 నాటికే ఎక్కువమందికి తండ్రి ఇంటిపేరే కొడుక్కి వచ్చేస్తోంది.

ఇంకో ప్రలోభం కూడా ఉంది, ముందే హెచ్చరిస్తా. 'కొటుమ్' అనగానే మీకు 'కొట్టం' గుర్తొచ్చే ఉంటుంది. రాయలసీమలో, తెలంగాణలో పశువుల పాకను, పూరిపాకను కొట్టం అంటారు కదా. నాకూ మొదటిసారి చదివినప్పుడు ఒళ్లు జలదరించింది, ఇంకేముంది, ఇంగ్లండుకు ఇంటిపేర్లు మనమే ఇచ్చాం అని ఒక వ్యాసం రాసేద్దామనుకున్నా! కాదండీ, కాకతాళీయం. మన కొట్టం ద్రావిడ మాట, తమిళంలో దాని చుట్టాలున్నాయి. వాళ్ల కొట్ జర్మానిక్ మాట, డచ్చిలో దాని చుట్టాలున్నాయి. ధ్వని కలిసినంత మాత్రాన వియ్యం కలిపేయకూడదు. ఇంకా చిక్కేమిటంటే ఇంగ్లిష్‌లో పడుకునే 'కాట్' ఇంకొకటి ఉంది, అది మాత్రం మన దేశం నుంచే వెళ్లింది, హిందీ ఖాట్, అంటే మంచం. పాక వాళ్లది, మంచం మనది.

మన కాటన్ గారింటి విషయానికి వస్తే, ఆయన 1803 మే 15న పుట్టారు, హెన్రీ కాల్వ్‌లీ కాటన్ గారి పదో కొడుకు. పదో కొడుకు అంటే ఆస్తిలో ఏం దక్కుతుంది లెండి, అందుకే పదహారేళ్లకే కంపెనీ సైన్యంలోని మద్రాసు ఇంజనీర్లలో చేరి, తర్వాత ఇటు వచ్చారు. వాళ్ల వంశం చెషైర్‌లోని కంబర్మియర్ జమీందారులు. ఎనిమిదో హెన్రీ రాజు మఠాలన్నీ రద్దు చేసి భూములు పంచినప్పుడు అక్కడి మఠం, దాని భూములు ఈ ఇంటివాళ్లకు దక్కాయి. అంతకు ముందు వాళ్లది పక్కనే ఉన్న ష్రాప్‌షైర్, అక్కడ ఈ పేరుతోనే ఊరుంది. అంటే పాకల పేరు పెట్టుకున్నవాళ్లు మఠంలో కాపురం పెట్టారన్నమాట.

ఈ ఇంటిపేరు స్మిత్‌లా వీధికి నలుగురున్నది కాదు, అలాగని అరుదూ కాదు. పాకలు లేని చోటేది, అందుకే స్టాఫర్డ్‌షైర్, నార్తాంప్టన్‌షైర్, ఇలా చాలాచోట్ల ఆ పేరు ఊళ్లు, ఏ ఊరివాళ్లు ఆ ఊరి పేరు పెట్టుకున్నారు. కాబట్టి కాటన్‌లందరూ ఒక ఇంటివాళ్లు కారు. మన కొత్తపల్లి వారందరూ జ్ఞాతులు కానట్టే. 1904లో కాంగ్రెస్ మహాసభకు అధ్యక్షత వహించిన హెన్రీ కాటన్ ఉన్నారు, గువాహటిలో కాటన్ కాలేజీ, ఇప్పటి కాటన్ విశ్వవిద్యాలయం, ఆయన పేరు మీద వచ్చిందే. పేరు ఒకటే కదా అని ఆయన్ని మన దొరగారికి తమ్ముణ్ణో అల్లుణ్ణో చేసి మీ ప్రసంగంలో చెప్పేయకండి. అమెరికాకు వెళ్లినవాళ్లూ ఉన్నారు. జాన్ కాటన్ అనే మతబోధకుడు 17వ శతాబ్దంలో బోస్టన్ చేరాడు, ఆయన కూతురి కొడుక్కి తాతగారి ఇంటిపేరునే పేరుగా పెట్టారు, కాటన్ మాథర్ అని. మాతామహుల ఇంటిపేరు మనవడికి అసలు పేరైంది! అమెరికా నల్లజాతివారిలోనూ ఈ ఇంటిపేరు కనిపిస్తుంది. పత్తి చేలల్లో బానిసత్వం గుర్తొచ్చి, పేరు అక్కడి నుంచే వచ్చిందనిపించడం సహజం, కానీ బానిసలుగా ఉన్నవారికి చాలాచోట్ల యజమానుల ఇంటిపేర్లే మిగిలాయి. పేరు ఇంగ్లండు పాకల నుంచే అక్కడికి వెళ్లింది.

ఈ ఇంటిపేరు వాళ్లలో నాలాంటివాడు దండం పెట్టుకోవాల్సిన ఆయన మరొకరున్నారు, రాబర్ట్ కాటన్ (1571–1631). పాత రాతప్రతులు పోగుచేయడమే ఆయన పిచ్చి. పాత ఇంగ్లిష్‌లో అన్నిటికన్నా పేరుపొందిన బేవుల్ఫ్ కావ్యానికి లోకంలో మిగిలిన ఒకే ఒక్క రాతప్రతి ఆయన గ్రంథాలయంలోది. 1731లో అక్కడ మంటలు లేస్తే అంచులు కాలాయి గానీ ప్రతి బతికింది. తన పేరుకు అర్థం చెప్పగల భాషను ఆయనే దాచిపెట్టాడు.

ఇక ఇంటిపేరు అనొచ్చా అన్నారు. నిక్షేపంగా అనొచ్చు. ముందుంటే ఇంటిపేరు, చివరుంటే కాదు అనే నియమం ఎక్కడా లేదు. మన గుంటూరి వారబ్బాయి డల్లాస్ వెళ్తే అక్కడ "మిస్టర్ గుంటూరి" అవుతాడు, ఇంటిపేరు చివరికి పోయినంత మాత్రాన ఇంటిపేరు కాకుండా పోయిందా? పైగా కాటన్ అంటేనే పాకలు, ఇళ్లు. అంతకన్నా ఇంటిపేరు ఏముంటుంది? అన్నట్టు పత్తిపాక అని తెలంగాణలో ఊరుంది, ఇంటిపేరూ ఉంది. మీ ఫోను చెప్పిన పత్తి, నేను చెప్పిన పాక, రెండూ అందులో ఉన్నాయి. అసలు కాటన్‌లు వాళ్లే!

కాటన్, కాటను, రెండూ సరైనవే. తెలుగు అచ్చుతో ముగిసే భాష కాబట్టి పాతకాలం వాళ్లు ఉకారం చేర్చి కాటను, బ్రౌను అన్నారు, బస్సు, కారు అన్నట్టే. గోదావరి స్నానం చేస్తూ చెప్పుకునే శ్లోకం మీకు తెలిసే ఉంటుంది, "కాటనుం తం భగీరథం" అని ముగుస్తుంది. అక్కడ ఎవరో పండితుడు తెలుగు 'కాటను'ను తీసుకుని, గురుం, శంభుం అన్నట్టు సంస్కృత ద్వితీయా విభక్తి తగిలించాడు. ఇంగ్లండు పాకల విభక్తి మీద తెలుగు ఉత్వం, దాని మీద సంస్కృత విభక్తి! నేను మాట్లాడేటప్పుడు కాటన్ దొర అనే అంటాను, రాసేటప్పుడు ప్రత్యయం వచ్చిన చోట కాటనుకు, కాటనుతో అంటే చదవడానికి సుఖంగా ఉంటుంది. కాటన్‌కు అని రాసినా తప్పు లేదు, కానీ టైపు చేసేవాళ్లు ఆ పొల్లును తరువాతి అక్షరం నెత్తిన ఎక్కించి 'కాటన్కు' అని కొడతారు, ఫ్లెక్సీ మీద అది చూడ్డానికి బాగోదు. ఫ్లెక్సీ వేయించే ముందు ఒకసారి కళ్లజోడు పెట్టుకుని చూడండి.

ఒక్క మాట మాత్రం మనవడికి విడిగా చెప్పండి. పేరులో పత్తి లేదు గానీ ఆయన పనిలో ఉంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాలో పండింది వరే అయినా, ఆయన కాలవలు తవ్వింది నీళ్లకే కాదు, పడవలకు కూడా. గోదావరి ఎగువన కూడా పడవలు తిరిగేట్టు చేస్తే బేరారు, అంటే ఇప్పటి విదర్భ వైపు, పత్తిని సముద్రం దాకా తేవచ్చని ఆయన, ఆయన మాట నమ్మినవాళ్లు ఉబలాటపడ్డారు. 1860లలో పనులు కూడా జరిగాయి, తర్వాత మధ్యలోనే వదిలేశారు. పిల్లాడు అడిగిన "పత్తి వ్యాపారం" అన్న ప్రశ్నకు మీరు చెప్పాల్సింది ఇదే, తాతలు చేయలేదు, మనవడు మాత్రం పత్తి పడవలకు దారి చేద్దామనుకున్నాడు, కుదరలేదు.