కాళ్ళ మీద కొడితే హత్య కాదని ఎవరు చెప్పారు?

మీ ప్రశ్న ఇది: పాత కక్షతో కొందరు దారికాచి ఒక మనిషిని కర్రలతో కాళ్ళ మీద, చేతుల మీద కొట్టారు. తల మీద ఒక్క దెబ్బ లేదు. మర్నాడు ఆయన ఆసుపత్రిలో చనిపోయాడు. చంపే ఉద్దేశమే లేనప్పుడు హత్య కేసు ఎలా నిలుస్తుంది?

నిలుస్తుంది. నిలవాలి కూడా.

తల జోలికి పోకుండా కాళ్ళూ చేతులూ విరగ్గొడితే కొట్లాట కేసుతో బయటపడవచ్చనే నమ్మకం మా పల్నాడు పల్లెల్లో బలంగా నాటుకుపోయింది. చదువుకున్నవాళ్ళు కూడా ఇదే చెబుతారు. విచిత్రమేమిటంటే, ఈ నమ్మకం తప్పని తేల్చిన సుప్రీంకోర్టు తీర్పు పుట్టింది మా గడ్డ మీదే. రొంపిచర్లలో ముఠా తగాదాలు. 1968 జూలైలో ఒక పెద్దాయన బస్సు దిగి నకరికల్లు అడ్డరోడ్డు దగ్గర ఉండగా ప్రత్యర్థులు బరువైన కర్రలతో కాళ్ళ మీద, చేతుల మీద కొట్టారు. ఆయన చేతులు జోడించి వేడుకున్నా ఆపలేదు. ఒంటి మీద 19 గాయాలు. మర్నాడు పోయాడు. కింది కోర్టు హత్య అన్నది. హైకోర్టు మాత్రం ఆయువుపట్టు మీద దెబ్బలు లేవు కాబట్టి హత్య కిందకు రాని నరహత్యే అని తగ్గించింది. 1976లో జస్టిస్ సర్కారియా తీర్పు రాస్తూ దాన్ని తిరిగి హత్యగా నిలబెట్టారు. ముద్దాయి పేరుతో పిలిచే ఈ రాయవరపు పున్నయ్య కేసు అంటే దేశంలో ఏ లా కాలేజీ విద్యార్థికైనా తెలుసు. మా ఊళ్ళో అడిగితే మాత్రం ఒక్కరు చెప్పలేరు. నాకు బాధ కలిగించేది అదే.

చట్టం అడిగే ప్రశ్న "చంపాలనుకున్నావా?" అన్నది ఒక్కటే కాదు. ఆ గాయం కావాలని చేశావా, పొరపాటున తగిలిందా? కావాలని చేసినదైతే, అలాంటి గాయం మామూలుగా ప్రాణం తీయడానికి సరిపోయేదేనా? ఈ రెండింటికీ అవును అని జవాబు వస్తే, చావు గురించి ఆలోచించనే లేదన్న మాట కాపాడదు. 1958లో విర్సా సింగ్ కేసులో జస్టిస్ వివియన్ బోస్ ఈ సంగతే తేల్చారు. అక్కడ పడింది ఒకే ఒక్క బల్లెం పోటు. అప్పటికప్పుడు రేగిన గొడవలో, ముందస్తు పథకం లేకుండా, క్రూరంగా ప్రవర్తించకుండా జరిగితే చట్టం కొంత మినహాయింపు ఇస్తుంది. దారికాచిన వాళ్ళకు అది ఎలా వర్తిస్తుంది?

అసలు నేను చెప్పదలచుకున్నది ఇక్కడి నుంచి. పై రెండో ప్రశ్నకు జవాబు చెప్పేది జడ్జి కాదు, సాక్షి కాదు. మొదటి రాత్రి ఆసుపత్రిలో రాసిన కాగితం. మా చిన్నాన్న విషయంలో దీన్ని కళ్ళారా చూశాను.

మాది సాగర్ కుడి కాలువ కింద వ్యవసాయం. ఒక ఏడాది నీళ్ళ వంతు దగ్గర మాటా మాటా పెరిగి, పక్క పొలం మనిషి పార తిరగేసి చిన్నాన్న ఎడమ ముంజేతి మీద కొట్టాడు. రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టరు కట్టు కట్టి, ఎక్స్‌రే తీయకుండానే "సాధారణ గాయం" అని రాశాడు. ఆ మాట పట్టుకుని పోలీసులు పాత శిక్షాస్మృతి (ఐపీసీ) 324 సెక్షన్ కింద, అంటే ప్రమాదకరమైన ఆయుధంతో మామూలు గాయం చేసినట్టు, కేసు కట్టారు. తెల్లారేసరికి చెయ్యి కందిపోయి ఉబ్బింది. ఎక్స్‌రే తీయిస్తే ఎముక రెండు ముక్కలు. ఎముక విరిగితే అది తీవ్ర గాయం. ఇందులో ఎవరికీ సందేహం లేదు. కానీ ఫిల్ము పట్టుకుని స్టేషనుకు వెళితే, డాక్టరు ముందే అభిప్రాయం రాసి ఇచ్చాడు కదా అన్నారు. ఆసుపత్రికి వెళితే, పోలీసులు ఉత్తరం రాసి అడిగితేనే మారుస్తామన్నారు. ఇద్దరి మధ్య మేము, విరిగిన చేత్తో చిన్నాన్న. చివరికి సీఐ కలగజేసుకుంటే రెండో అభిప్రాయం వచ్చింది, కోర్టులో సెక్షన్ల మార్పు మెమో పడింది, కేసు 326 అయింది, అంటే ప్రమాదకరమైన ఆయుధంతో తీవ్ర గాయం.

ఇక విచారణ. ముద్దాయి తరఫు వకీలు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి డాక్టరును అడిగాడు: "మొదటి రోజు లేని ఎముక విరుపు తర్వాత ఎలా వచ్చింది? మధ్యలో జారిపడినా ఎముక విరగవచ్చు కదా?" డాక్టరు "విరగవచ్చు" అన్నాడు. ఆ ఒక్క మాటకు మా చిన్నాన్న ముఖం పాలిపోయింది. ఏళ్ళ తరబడి వాయిదాలకు తిరిగి సంపాదించుకున్నదంతా ఆ క్షణంలో పోయినట్టే అనిపించింది. మమ్మల్ని బతికించింది అదే మొదటి కాగితంలోని ఒక చిన్న వాక్యం. ఎడమ ముంజేతి మీద వాపు, దాని పొడవు వెడల్పులు, చెయ్యి ఎత్తలేకపోతున్నాడు అని ఆ డాక్టరే రాశాడు. ఎక్స్‌రేలో విరిగింది సరిగ్గా అక్కడే. ప్రాసిక్యూటరు మళ్ళీ లేచి ఆ వాక్యం చదివించారు. అంతే, జారిపడిన కథ అక్కడితో ఆగిపోయింది.

శిక్ష పడింది, 326 కింద కాదు, ఆయుధం ప్రసక్తి లేని తీవ్ర గాయానికి వర్తించే 325 కింద. పార అంచుతో కాకుండా వెనక వైపుతో కొట్టాడు కాబట్టి దాన్ని ప్రమాదకరమైన ఆయుధంగా వాడినట్టు కాదని జడ్జి అన్నారు. నాకు ఆ తర్కం ఇప్పటికీ మింగుడు పడదు. ఇనుప పార ఏ వైపు తగిలినా ఎముక నుగ్గవుతుంది.

ఈ మధ్యలో ఊరి పెద్దలు చేసిన పని కూడా చెప్పాలి. రాజీ, రాజీ అని ఇంటి చుట్టూ తిరిగారు. 326 గాని, 307 (హత్యాయత్నం) గాని రాజీ చేసుకోవడానికి చట్టం వీలివ్వదు. అయినా పెద్దమనుషులు డబ్బు మాట్లాడి, సాక్షుల చేత "మేము చూడలేదు" అనిపించి కేసు చంపేస్తారు. దీన్ని సర్దుబాటు అంటారు. నా దృష్టిలో ఇది రెండో దెబ్బ. దానికి తోడు "307 పెట్టించాం" అని గొప్పలు చెప్పుకునే అలవాటు ఒకటి. ప్రతి తగాదాకూ హత్యాయత్నం తగిలిస్తే, నిజంగా ప్రాణం మీదికి వచ్చిన కేసును కూడా కోర్టు అనుమానంగానే చూస్తుంది. ఆ సెక్షన్‌కు గాయం పెద్దదై ఉండనక్కరలేదు, ఉద్దేశం మాత్రం కనబడాలి. అరుపులతో ఉద్దేశం రుజువు కాదు.

ఐపీసీ స్థానంలో వచ్చిన కొత్త చట్టం భారతీయ న్యాయ సంహితలో నాకు నచ్చిన మార్పు ఒకటుంది. ఎముక విరగకపోయినా, తీవ్రమైన నొప్పితో 20 రోజులు రోజువారీ పనులు చేసుకోలేకపోతే తీవ్ర గాయమనేవారు. ఇప్పుడు 15 రోజులు చాలు. కూలి చేసుకుని బతికేవాడికి ఆ తేడా విలువ తెలుసు.

మీరు చనిపోయినవారి తరఫో, కొట్టినవారి తరఫో రాయలేదు. ఎవరైనా సరే, ముందు పోస్టుమార్టం నివేదిక ప్రతి సంపాదించండి. చావుకు కారణం రాసి ఊరుకున్నారా, లేక గాయాలన్నీ కలిపి మామూలుగా ప్రాణం తీయడానికి సరిపోతాయని కూడా రాశారా చూడండి. హత్యకూ నరహత్యకూ మధ్య ఎక్కువగా తేల్చేది ఆ వాక్యమే. అది లేకపోతే, బాధితుల తరఫు వాళ్ళు ఛార్జిషీటు పడకముందే దర్యాప్తు అధికారికి రాతపూర్వకంగా అడగాలి. విచారణలో డాక్టరు బోనెక్కాక అడిగితే ముద్దాయి తరఫు వకీలు ఊరుకోడు. పోయిన మనిషి కుటుంబానికి ఇప్పుడే డబ్బు అవసరమైతే తీర్పు దాకా ఆగనక్కరలేదు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు మధ్యంతర సాయం కోసం దరఖాస్తు పెట్టుకోవచ్చు. సాధారణంగా అది కోర్టు ఆవరణలోనే ఉంటుంది.