నీళ్ల ఒడ్డున ఫ్లాట్ కొనబోతున్న మేనకోడలికి

అమ్మలూ,

నువ్వు పంపిన వీడియో నేనూ మీ అత్తయ్యా చూశాం. ముప్పాతిక వంతు నీళ్లే ఉన్నాయందులో. పడవలు బాగున్నాయి, సాయంత్రపు ఎండ బాగుంది. సింకు కింద ఎలా ఉందో, బాల్కనీ నేల ఎటు వాలిందో మాత్రం కనపడలేదు. నిన్నేమీ అనడం లేదులే, అలాంటి ఇల్లు చూడ్డానికి వెళ్లినవాళ్లందరూ చేసే పనే అది. ఏజెంటు కూడా తలుపు తీయగానే తిన్నగా కర్టెన్ దగ్గరికే తీసుకెళ్తాడు.

కొనొద్దని చెప్పడానికి రాయడం లేదు. అలాంటి చోట ఏళ్ల తరబడి ఉన్నవాణ్ని, అసోసియేషన్‌లో ట్రెజరర్‌గా లెక్కలు చూసినవాణ్ని. పొద్దున్నే ఆ గాలి తగిలితే ఎంత హాయిగా ఉంటుందో నాకూ తెలుసు. కానీ కాండో అంటే గోడల మధ్య జాగా మాత్రమే నీది. పునాది, స్లాబులు, లిఫ్టు, పైకప్పు అందరివీ. అంటే ముక్కూమొహం తెలియని వందమందితో ఉమ్మడి కాపురానికి వెళ్తున్నావన్నమాట. ఉమ్మడి ఖర్చులు ఏ బిల్డింగుకైనా ఉంటాయి. నీళ్ల పక్కన అవి తొందరగా వస్తాయి, పెద్దవిగా వస్తాయి. అందుకని మళ్లీ ఆ బాల్కనీలో నిలబడే ముందు అసోసియేషన్ కాగితాలు తెప్పించుకో.

అన్నిటికన్నా ముందు అడగాల్సింది గత మూడేళ్ల మీటింగుల మినిట్స్, అంటే అసోసియేషన్ మీటింగుల్లో ఏం మాట్లాడారో, ఏం తేల్చారో రాసిపెట్టిన కాగితాలు. బడ్జెట్, ఆడిట్ రిపోర్టు అందరూ అడుగుతారు, మినిట్స్ అడిగేవాళ్లు తక్కువ. చదవడానికి విసుగ్గానే ఉంటుంది. కుక్కల గురించి గొడవ, పార్కింగులో ఎవరి కారు ఎవరి చోట పెట్టారన్న గొడవ, పేజీలకు పేజీలు అదే. ఆ గొడవల మధ్యలోనే నీకు కావలసింది దొరుకుతుంది. ఒకే సంగతి ఎన్ని మీటింగుల్లో మళ్లీ మళ్లీ వచ్చిందో చూడు. 'గరాజ్ సీలింగ్‌లో లీకేజీ', 'బాల్కనీ రిపేరు కొటేషన్', 'తర్వాతి మీటింగుకు వాయిదా'. మూడుసార్లు వాయిదా పడిన రిపేరు అంటే మూడేళ్ల వడ్డీతో కలిపి నీ నెత్తిన పడబోయే బిల్లు అనుకో. మనుషుల తీరు నేను దగ్గరినుంచి చూశాను. జిమ్‌లో కొత్త అద్దాలు వేద్దామంటే అన్ని చేతులూ లేస్తాయి. వాటర్‌ప్రూఫింగ్ కోసం నెలనెలా కాస్త ఎక్కువ కట్టండంటే గదిలో ఒక్క చెయ్యి లేవదు.

ఇది ఎంతదాకా పోతుందో ఫ్లోరిడాలో సర్ఫ్‌సైడ్ ఉదంతం చూస్తే తెలుస్తుంది. సముద్రం ఒడ్డున 12 అంతస్తుల చాంప్లెయిన్ టవర్స్ సౌత్, 1981లో కట్టింది. పూల్ డెక్, అంటే ఈతకొలను చుట్టూ ఉన్న స్లాబు, దాని కింద వాటర్‌ప్రూఫింగ్ పాడైపోయిందని, నీళ్లు జారిపోవడానికి వాలు లేకుండా దాన్ని చదునుగా వేశారని, కింద కాంక్రీటు బాగా దెబ్బతిందని 2018లోనే ఇంజినీరు రిపోర్టు ఇచ్చాడు. డబ్బు ఎవరు ఎంత కట్టాలన్న వాదన సాగుతూనే ఉంది. చివరికి 2021లో దాదాపు కోటిన్నర డాలర్ల రిపేర్లకు ఒప్పుకున్నారు. ఒక్కో ఫ్లాటు వాటా 80 వేల డాలర్ల దగ్గర మొదలైంది. జులై 1 నుంచి కట్టాలి. జూన్ 24 అర్ధరాత్రి దాటాక బిల్డింగులో పెద్ద భాగం కూలిపోయింది. 98 మంది చనిపోయారు. రిపేరు వాయిదా వెయ్యడం వల్లే కూలిందని నేను అనను. ఆ డెక్ డిజైనే చాలాచోట్ల ఉండాల్సినంత బలంగా లేదని దర్యాప్తులో తేలింది. కానీ 2018 తర్వాత అక్కడ ఫ్లాటు కొన్నవాళ్లు ఆ రిపోర్టు అడిగి చదివి ఉంటే సంతకం పెట్టేవాళ్లా అన్నదే నా ప్రశ్న. ఆ తర్వాత ఫ్లోరిడా చట్టం మార్చింది. మూడంతస్తులూ ఆ పైన ఉన్న కాండోలకు వయసు మీరాక స్ట్రక్చరల్ తనిఖీ తప్పనిసరి చేసింది, పెద్ద రిపేర్లకు డబ్బు పక్కన పెట్టకుండా ఓటేసి తప్పించుకునే దారి చాలామటుకు మూసేసింది. నువ్వు కొనే చోట అలాంటి చట్టం ఉన్నా లేకపోయినా ఇంజినీరు రిపోర్టు ఉందా అని నువ్వే అడుగు. 'లేదు' అన్నది కూడా జవాబే.

మెయింటెనెన్స్ తక్కువని సంతోషంగా రాశావు. నాకు మాత్రం అక్కడే అనుమానం వచ్చింది. నీళ్ల ఒడ్డున పాతికేళ్లు దాటిన బిల్డింగుకు నెలసరి చార్జీ చుట్టుపక్కల వాటికన్నా తక్కువుందంటే, వాళ్లు ఏదో ఒకటి చేయించడం లేదని అర్థం. పెద్ద రిపేర్ల కోసం అసోసియేషన్ దాచే రిజర్వ్ ఫండ్‌లో ఎంత ఉందో చూస్తే చాలదు. పైకప్పు, లిఫ్టులు, బయటి గోడలు, పంపులు, వీటిలో ఏది ఎన్నేళ్లలో మార్చాలి, అప్పటికి ఎంత కావాలి అని లెక్క కట్టిన రిజర్వ్ స్టడీ ఒకటి ఉండాలి. దాంతో పోల్చి చూడు. ఎంతమంది ఓనర్లు బకాయి పడ్డారో కూడా అడుగు. వాళ్లు కట్టనిది మిగతావాళ్ల మీదే పడుతుంది.

స్పెషల్ అసెస్‌మెంట్, అంటే పెద్ద ఖర్చు వచ్చినప్పుడు నెలసరి చార్జీ కాకుండా ఓనర్ల దగ్గర విడిగా వసూలు చేసేది, ఏదైనా వేశారా, వేసే ఆలోచన ఉందా అన్నది నోటిమాటగా వదిలెయ్యకు, రాతపూర్వకంగా తీసుకో. అగ్రిమెంటుకూ రిజిస్ట్రేషన్‌కూ మధ్యలో అసెస్‌మెంట్ వేస్తే అది అమ్మేవాళ్లు కట్టాలా నువ్వు కట్టాలా అనేది కాగితం మీద ఉండాలి. ఈ ఒక్క వాక్యం రాయించడానికి లాయరు ఫీజు దండగ కాదు. ఇంకో సంగతి, బ్యాంకులు లోన్ ఇచ్చేటప్పుడు నీ జీతంతో పాటు బిల్డింగు ఆరోగ్యం కూడా చూస్తాయి. ఫలానా బిల్డింగుకి ఇవ్వం అని బ్యాంకు అంటే ఇంకో బ్యాంకు కోసం పరిగెత్తకు. ఎందుకివ్వరో కనుక్కో.

ఇక ఆ బిల్డింగుకి మళ్లీ వెళ్లినప్పుడు లిఫ్టులో పైకి కాదు, కిందికి వెళ్లు. బేస్‌మెంట్ పార్కింగ్‌లో ఓ అరగంట తిరుగు. తలెత్తి స్లాబు చూడు. తుప్పురంగు మరకలు, సన్నటి బీటల వెంట తెల్లటి పొర, పెచ్చులూడి కడ్డీలు బయటపడిన చోట్లు కనిపిస్తాయేమో చూడు. సముద్రపు ఉప్పు కాంక్రీటులోకి మెల్లగా దిగి లోపలి కడ్డీని చేరుతుంది. తుప్పుపట్టిన ఇనుము అసలు ఇనుముకన్నా కొన్ని రెట్లు ఎక్కువ చోటు తీసుకుంటుంది, ఆ ఒత్తిడికే పైనున్న కాంక్రీటు పెచ్చులుగా ఊడిపోతుంది. కొత్తగా సున్నం వేసి ఉంటే చేత్తో తట్టి చూడు, డొల్లగా మోగిందంటే లోపల ఏదో ఉంది. గోడల అడుగున నీళ్లు నిలిచిన గీత ఉందేమో, ఓ మూల పంపు ఆగకుండా తిరుగుతోందేమో గమనించు. వానలేని రోజున కూడా పంపు ఆడుతోందంటే భూమిలోంచి ఊట వస్తోందన్నమాట. అక్కడ వాచ్‌మన్ ఉంటే అతన్నడుగు. 'పెద్ద వానకి కార్లు ఎక్కడ పెట్టుకుంటారు?' అంటే అతను చెప్పినంత నిజం బ్రోషర్‌లో ఉండదు.

కరెంటు గది, జనరేటర్, నీళ్ల పంపులు ఏ అంతస్తులో ఉన్నాయో చూడటం మర్చిపోకు. 'నాది పదిహేనో అంతస్తు, వరద నన్నేం చేస్తుంది' అంటావేమో. 2012 అక్టోబరులో శాండీ తుపానుకు న్యూయార్క్‌లో మాన్‌హటన్ దక్షిణపు కొసన ఉన్న బ్యాటరీ అనే చోట నీటిమట్టం దాదాపు 14 అడుగులకు లేచింది. ఒడ్డున ఉన్న ఎన్నో ఎత్తైన భవనాల్లో బేస్‌మెంట్లు మునిగాయి. పై అంతస్తుల్లో ఒక్క చుక్క పడకపోయినా కరెంటు లేదు, లిఫ్టు లేదు, కుళాయిలో నీళ్లు లేవు. ఆ తర్వాత బుద్ధి తెచ్చుకున్న బిల్డింగులు ఈ పరికరాలన్నీ పైకి ఎక్కించుకున్నాయి. నువ్వు చూసినదాంట్లో ఎక్కడున్నాయో నాకు చెప్పు.

'వందేళ్ల వరద' అంటే వందేళ్లకోసారి వస్తుందనుకుని నిశ్చింతగా ఉండకు. ఏ ఏడాదైనా రావడానికి నూటికి ఒక్క వంతు అవకాశం ఉందని దాని లెక్క. 30 ఏళ్ల లోన్ తీసుకుంటే ఆ కాలంలో ఒక్కసారైనా రావడానికి అవకాశం 26 శాతం. నదీ, సరస్సు అయితే ఉప్పు బాధ ఉండదు కానీ ఈ లెక్క వాటికీ ఇంతే. వరద మ్యాప్‌లో ఆ బిల్డింగు ఏ జోన్‌లో ఉందో చూసి, మామూలు ఇంటి ఇన్సూరెన్స్ పాలసీలో వరద కలిసి ఉందో లేదో అడుగు. చాలాచోట్ల ఉండదు, విడిగా తీసుకోవాలి. అసోసియేషన్ పాలసీ ఉమ్మడి భాగాలకు, నీ పాలసీ నీ లోపలి భాగాలకు. ఈ రెండింటి మధ్య ఎవరికీ చెందని సందు మిగలకుండా చూసుకో. అసోసియేషన్ పాలసీలో డిడక్టబుల్, అంటే ఇన్సూరెన్స్ ఇవ్వకుండా మనమే భరించాల్సిన మొదటి మొత్తం, ఎంతో చూడు, ఎందుకంటే నష్టం జరిగితే ముందు ఆ మొత్తాన్నే ఓనర్లందరికీ పంచుతారు.

ఇంటి లోపల చూడాల్సినవి చిన్నవే. బాల్కనీలో ఓ చెంబుడు నీళ్లు పొయ్యి. డ్రైన్ వైపు పారాలి, గుమ్మం వైపు వచ్చిందా, ఆ తడి గదిలోకి దిగుతోందన్నమాట. పెద్ద గ్లాసు స్లైడింగ్ డోర్ ఒక వేలితో కదలాలి. కదలకపోతే కింది పట్టాలు, చక్రాలు ఉప్పుకు తినేసి ఉంటాయి. అలాంటి డోర్లు మార్చాల్సి వస్తే ఖర్చు అసోసియేషన్‌దా నీదా అని రూల్స్ పుస్తకంలో చూసుకో, ఒక్కో బిల్డింగులో ఒక్కో పద్ధతి. రెయిలింగ్ అడుగున స్లాబులో దిగిన చోట వంగి చూడు, తుప్పు అక్కడే మొదలవుతుంది. ఏసీ బయటి యూనిట్ ఎన్నేళ్లదో అడుగు, ఉప్పుగాలికి దాని ఆయుష్షు తగ్గిపోతుంది. పడమటి ముఖం ఫ్లాటైతే ఎండ ఆకాశంలోంచీ నీళ్లలోంచీ రెండు వైపులా కొడుతుంది. మధ్యాహ్నం మూడింటికి ఓసారి వెళ్లి కూర్చుంటే కర్టెన్లు వేసుకునే బతకాలో లేదో తెలిసిపోతుంది.

వ్యూ సంగతి. ఆ వ్యూ కోసమే ఎక్కువ రేటు పెడుతున్నావు కానీ, రిజిస్ట్రేషన్ కాగితంలో ఆ మాటే ఉండదు. నీ వీడియోలో ఎడమవైపు ఫెన్సింగ్ వేసిన ఖాళీ స్థలం కనిపించింది. ఎవరిదది? ఎన్ని అంతస్తులకు పర్మిషన్ ఉంది? సిటీ ప్లానింగ్ ఆఫీసులో అడిగితే చెప్తారు. అక్కడ టవర్ లేస్తే నీళ్లకు బదులు ఎదుటివాళ్ల వంటగది కనిపిస్తుంది, ఫ్లాటు రేటూ పడిపోతుంది.

నేల గురించి కూడా ఓ మాట. ఊళ్లలో నీళ్ల ఒడ్డు స్థలాల్లో చాలా మటుకు ఒకప్పుడు రేవులు, గోడౌన్లు, లేదా మట్టిపోసి పూడ్చిన నీళ్లే. 1989 లోమా ప్రియెటా భూకంపంలో శాన్‌ఫ్రాన్సిస్కో మెరీనా డిస్ట్రిక్ట్ అంతగా దెబ్బతినడానికి పెద్ద కారణం ఆ పూడ్చిన నేలే. అదే ఊళ్లో 58 అంతస్తుల మిలీనియం టవర్ 2009లో తెరిచారు. పైల్స్, అంటే పునాది కోసం నేలలోకి దింపే స్తంభాలు, అడుగున రాతిపొర దాకా దింపలేదు. 16 అంగుళాలు కుంగి ఓ పక్కకు ఒరిగిందని 2016లో జనానికి తెలిసింది. అప్పటికే కోట్లు పోసి కొన్నవాళ్లు కాపురాలుంటున్నారు. కొత్త బిల్డింగు కదా అని నిశ్చింతగా ఉండకూడదని చెప్పడానికే ఇది. అలాగే స్థలం అసోసియేషన్ సొంతమా, లేక పోర్టుదో ప్రభుత్వానిదో లీజా అన్నది చూసుకో. లీజైతే ఇంకా ఎన్నేళ్లుంది, అద్దె ఎప్పుడు ఎలా పెరుగుతుందో లాయరుకి చూపించు.

పేటను మాత్రం ఒక్క ఆదివారం సాయంత్రం చూసి తేల్చుకోకు. శనివారం రాత్రి పదకొండింటికి వెళ్లి బాల్కనీ కింద నిలబడు. నడకదారి అందరిదీ, పాటలూ పడవల హారన్లూ బాణసంచా కూడా నీ ఇంటిముందే. ఈదురుగాలి రోజున వెళ్లు. చలికాలంలో ఆ హోటళ్లు, దుకాణాలు తెరిచే ఉంటాయో, సీజన్ అయ్యాక షట్టర్లు దించేస్తారో కనుక్కో. టూరిస్టులకు రోజువారీ అద్దెకిచ్చే ఫ్లాట్లు ఆ బిల్డింగులో ఎన్నున్నాయో కూడా. నీ పక్కింటికి వారానికో కొత్త కుటుంబం సూట్‌కేసులతో దిగుతుంటే నీకు నిద్ర ఉండదు. నాకైతే అలాంటి బిల్డింగు ఊరికే ఇచ్చినా వద్దు, నీకు వేరే అభిప్రాయం ఉండొచ్చు.

ఇన్ని రాశానని టెన్షన్ పడకు. ఇవన్నీ సరిగ్గా ఉన్న బిల్డింగులు ఉన్నాయి. రిజర్వ్ స్టడీ అడగ్గానే మెయిల్ చేస్తారు, బేస్‌మెంట్ పొడిగా ఉంటుంది, మెయింటెనెన్స్ కాస్త ఎక్కువే ఉంటుంది. దొరికితే కళ్లు మూసుకుని కొను, గృహప్రవేశానికి నేను ముందురోజే వచ్చేస్తాను.

మినిట్స్ చేతికి రాగానే నాకు పంపు, ఆదివారం ఫోన్లో ఇద్దరం పేజీ పేజీ చూద్దాం. 'ఇంకెవరో కూడా అడుగుతున్నారు' అని ఏజెంటు తొందరపెడితే పెట్టనీ. అగ్రిమెంటులో ఇన్‌స్పెక్షన్‌కూ కాగితాల పరిశీలనకూ ఎన్ని రోజులిచ్చారో, ఆ గడువులోపల వద్దనుకుంటే అడ్వాన్స్ మొత్తం వెనక్కి వస్తుందో రాదో చూసి ఈ రాత్రికే చెప్పు.

మావయ్య